దీపం కొత్తది సరే... తీగ సంగతేమిటి?

ఇంటికి రంగులు వేయించగానే అందరి కళ్ళూ పడేది లైట్ల మీదే. గోడలు కొత్తగా మెరుస్తుంటే వాటి మీద పాత ట్యూబులైటు పట్టీ, చివర్లు నల్లబడిన ట్యూబు, పసుపుబారిన స్విచ్చి బోర్డు మరీ వెలవెలబోతూ కనిపిస్తాయి. 'సరే, పండక్కి లైట్లన్నీ మార్చేద్దాం' అనుకుంటాం. ఆదివారం ఇంటాయన వెళ్ళి నాలుగు పెట్టెలు పట్టుకొస్తారు. సోమవారం ఎలక్ట్రీషియన్ వస్తాడు. ఒక పూటలో పని అయిపోతుంది. ఇందులో మన వంతు ఏమిటంటారా? మధ్యలో కాఫీ ఇవ్వడం, చివర్లో కిందపడ్డ సున్నం ఊడ్చుకోవడం!

మరి ఆ లైట్ల కింద పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటిదాకా పని చేసేదెవరు? వాటి బూజు దులిపేదెవరు? తడిగుడ్డతో స్విచ్చిబోర్డు తుడిచేదెవరు? మనమే కదా! అందుకే లైటు ఎక్కడ ఉండాలో, ఏ తీగకి తగిలించాలో అడిగి తెలుసుకోవాల్సిన పని కూడా మనదే.

హైదరాబాద్ చుట్టూ వనస్థలిపురం, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, సైనిక్‌పురి లాంటి చోట్ల ముప్ఫై, నలభై ఏళ్ళు దాటిన ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. కట్టుకున్నప్పుడు అవి ఊరికి దూరం. ఇప్పుడు ఊరే వాటిని దాటి వెళ్ళిపోయింది. గదికో ట్యూబులైటు, ఓ ఫ్యాను, వంటింట్లో ఓ బల్బు, హాల్లో ఓ ప్లగ్గు... అప్పటి లెక్క అంతే. ఆ లెక్కకి వేసిన తీగలే గోడల్లో ఉన్నాయి. తర్వాత ఫ్రిజ్ వచ్చింది, గీజరు వచ్చింది, ఏసీ కూడా వచ్చింది. తీగలు మాత్రం చాలా ఇళ్ళలో అవే! కొత్త లైటు కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన నీడే మనకి అడ్డు

ముందు వెలుగు సంగతి చూద్దాం. పాత ఇళ్ళలో వంటింటి లైటు ఎక్కడుంటుందో గమనించారా? తలుపు పైన గోడకో, లేకపోతే గది మధ్యలో కప్పుకో ఉంటుంది. మనం గట్టు ముందు నిలబడగానే వెలుగు మన వీపు మీద పడుతుంది. నీడేమో కూరగాయలు తరిగే పీట మీద పడుతుంది! పప్పులో రాయి, బియ్యంలో పురుగు, చాకు అంచు... జాగ్రత్తగా చూడాల్సినవన్నీ ఆ నీడలోనే ఉంటాయి. ఇంకా ఎక్కువ వాట్ల లైటు తెచ్చి అదే చోట పెడితే ఏమవుతుంది? గోడ తెల్లగా మెరుస్తుంది. నీడ ఇంకా నల్లగా కనిపిస్తుంది.

దీనికి మందు లైటు చోటు మార్చడం. గట్టు పైన అరమర ఉంటే దాని అడుగున, ముందు అంచుకి దగ్గరగా సన్నటి ఎల్.ఇ.డి. పట్టీ ఒకటి బిగిస్తే చాలు. అంచుకి చిన్న చెక్క అడ్డం పెడితే వెలుగు కళ్ళలో కొట్టదు. స్టవ్‌కి సరిగ్గా పైన, కుళాయికి ఆనుకుని మాత్రం పెట్టించకండి. ఆవిరి, నూనె జిడ్డు లైటుని త్వరగా పాడుచేస్తాయి. టేపులా ఉండే పట్టీలు 12 లేక 24 వోల్టుల మీద పనిచేస్తాయి. వాటితో డ్రైవర్ అనే చిన్న డబ్బా వస్తుంది. దాన్ని గాలి తగిలే చోట, నీళ్ళకి దూరంగా పెట్టించాలి.

ఒక సాయంత్రం ఈ చిన్న పని చేసి చూడండి. దీపాలు పెట్టే వేళకి లైట్లన్నీ వేసి, చేతిలో వార్తాపత్రిక పట్టుకుని ఇల్లంతా తిరగండి. గట్టు దగ్గర, పిల్లలు చదువుకునే బల్ల దగ్గర, అద్దం ముందు, కుట్టుమిషను దగ్గర, మెట్ల మీద నిలబడండి. చిన్న అక్షరాలు చదవగలుగుతున్నారా? మీ నీడ ఎటు పడుతోంది? ఒక కాగితం మీద రాసుకోండి. కొట్టుకి వెళ్ళాల్సింది ఆ కాగితం పట్టుకుని! అప్పుడు మెరుపులు చూసి మోసపోం.

ఇంట్లో అత్తగారో, మామగారో ఉంటే వాళ్ళ కళ్ళతో కూడా ఒకసారి చూడాలి. ఇరవై ఏళ్ళ వయసులో కంటి లోపలికి చేరే వెలుగులో అరవై దాటేసరికి సుమారు మూడో వంతే చేరుతుంది. మనకి చాలిన వెలుగు వాళ్ళకి మసకే. రాత్రిపూట మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ దాకా ఉన్న దారి, గడప, మెట్టు స్పష్టంగా కనబడాలి. ఆ దారిలో గోడకి కిందుగా ఓ చిన్న లైటు పెట్టించండి. మెట్లకి కింద ఒకటి, పైన ఒకటి స్విచ్చి ఉండాలి. ఎక్కడ వేసినా వెలగాలి, ఎక్కడ నొక్కినా ఆరాలి. టూ వే స్విచ్చి అంటే ఎలక్ట్రీషియన్‌కి అర్థమవుతుంది.

గుండ్రటి చెక్క వెనక ఏముంది?

పాత ఇళ్ళలో బల్బు హోల్డరు గుండ్రటి చెక్క బిళ్ళ మీద ఉంటుంది. దాన్ని విప్పినప్పుడు లోపల ఏముందో మీరు కూడా చూడండి. మెయిన్ ఆపాక, దూరం నుంచే సుమా! ఇంటి వయసు అక్కడే తెలిసిపోతుంది.

మొదటిది తొడుగు. ఎన్నో ఏళ్ళు 60, 100 వాట్ల బల్బులు వెలిగిన చోట ఆ వేడికి తీగ మీది తొడుగు ఎండిపోయి ఉంటుంది. కాస్త వంచగానే అప్పడంలా విరుగుతుంది. బాగా పాత ఇళ్ళలో రబ్బరు తొడుగు తీగలుంటాయి. చెక్క పట్టీల మీద రేకు క్లిప్పులు కొట్టి గోడ వెంట తీసుకెళ్ళిన తీగలు చాలావరకు అలాంటివే. కదిలించనంతకాలం బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. కొత్త లైటు కోసం లాగి, మెలిపెట్టి, బిగించామా... లోపలి లోహం బయటపడుతుంది.

రెండోది తీగ రంగు. అడ్డంగా తెగిన చోట తీగ ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే చాలావరకు అల్యూమినియం. ఒకప్పుడు ఖర్చు తగ్గుతుందని చాలా ఇళ్ళలో అల్యూమినియం వేశారు. అది మెత్తని లోహం. స్క్రూ కింద నలిగి నలిగి కాలక్రమంలో వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. దానికి కొత్త రాగి తీగని చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేస్తే, రెండు లోహాలూ కలిసిన చోట, అందులోనూ చెమ్మ ఉంటే, తొందరగా పాడైపోతుంది. 'ఇక్కడ అల్యూమినియం ఉందా బాబూ?' అని అడగడంలో తప్పేమీ లేదు. ఉందంటే ఆ గది వరకైనా తీగ మార్పించే ఆలోచన చెయ్యాలి.

మూడోది చెమ్మ. శ్లాబు కారే ఇళ్ళలో వాన నీరు తీగలు వెళ్ళే గొట్టం వెంట నడిచి లైటు దగ్గరికే వచ్చి ఆగుతుంది. వానాకాలంలో లైటు చుట్టూ గోధుమరంగు మరక కనబడితే ముందు కప్పు బాగుచేయించుకోండి. లైటు తర్వాత.

ఇవన్నీ చూశాక ఎలక్ట్రీషియన్ 'తీగలు మార్చాలమ్మా' అంటే, డబ్బు గుంజడానికే అంటున్నాడని వెంటనే అనుకోకండి. విప్పి చూపించమనండి. విరిగే తొడుగు మీ కళ్ళకీ కనబడుతుంది. ఒకేసారి ఇల్లంతా మార్చే శక్తి లేకపోతే ముందు వంటిల్లు, బాత్‌రూమ్... మిగతా గదులు వచ్చే ఏడు. అలా మార్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు.

'ఏం కాదులెండమ్మా!'

మా కాలనీలో ఒక పెద్దావిడ ఉన్నారు. ముచ్చటపడి హాల్లో గోడకి ఇత్తడి దీపం పెట్టించుకున్నారు. చూడటానికి ఎంతో బాగుంది. నెల తిరక్కుండానే తడిగుడ్డతో తుడుస్తుంటే చెయ్యి జివ్వుమంది. 'వయసు కదా, నరాల తిమ్మిరేమో' అనుకున్నారు పాపం! రెండోసారి చెప్పులు లేకుండా పట్టుకుంటే గట్టిగానే కొట్టింది. విప్పి చూస్తే లోపల తీగ తొడుగు ఒరుసుకుపోయి ఇత్తడికి తగులుతోంది. ఎర్త్ కోసం ఇచ్చిన ఆకుపచ్చ తీగని దేనికీ కలపకుండా చుట్టచుట్టి లోపల కుక్కేసి ఉంది. బిగించిన రోజు ఆవిడ అడగకపోలేదు. 'పాత ఇళ్ళల్లో లైట్లకి ఎర్త్ ఉండదు, ఏం కాదులెండమ్మా' అన్నాడట ఆ అబ్బాయి.

ఎర్త్ అంటే కరెంటు దారి తప్పితే మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయే తోవ. బేక్‌లైట్ హోల్డరుకీ, ప్లాస్టిక్ బల్బుకీ అది లేకపోయినా నడిచింది. లోహపు ఒళ్ళున్న లైటుకి మాత్రం కుదరదు. మీ ఇంట్లో లైట్ల దాకా ఎర్త్ తీగ లేదా? రెండే దార్లు. ఎర్త్ తీగ లాగించడం ఒకటి. లేదా రెండు పొరల రక్షణ ఉన్న లైటు కొనడం. అలాంటి లైటు మీద చదరంలో ఇంకో చదరం గీసిన గుర్తుంటుంది. దానికి ఎర్త్ అక్కర్లేదు. ఎర్త్ తీగని పక్కనున్న నీళ్ళ గొట్టానికో, న్యూట్రల్ తీగకో కలిపేస్తానంటే మాత్రం ససేమిరా ఒప్పుకోకండి.

దీనితోపాటు మెయిన్ బోర్డు మాట కూడా తేల్చుకోవాలి. ఫ్యూజ్ పోయినప్పుడల్లా దొరికిన తీగ చుట్టేసే రోజులు పోయాయి. ఇప్పుడు ఎం.సి.బి.లు వచ్చాయి. లైట్ల లైనుకి మామూలుగా 6 ఆంపియర్లది పెడతారు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఎం.సి.బి. కాపాడేది తీగని. మనిషిని కాపాడటానికి ఆర్.సి.సి.బి. అని వేరే ఉంటుంది. ఇళ్ళలో 30 మిల్లీ ఆంపియర్లది పెట్టుకోవాలి. కరెంటు ఎక్కడైనా కారితే రెప్పపాటులో లైను తెంపేస్తుంది. ఎర్త్ ఉన్నా దీని అవసరం ఉంది, ఇది ఉన్నా ఎర్త్ అవసరం ఉంది. దాని మీద 'టి' అని ఓ బొత్తం ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించాలి. పాత ఇళ్ళలో ఇది పెట్టగానే ఊరికే పడిపోతుంటుంది. 'ఇది పనికిరాదు, తీసేద్దాం' అంటారు. అది ఇంట్లో ఎక్కడో తీగ కారుతోందనో, రెండు లైన్ల న్యూట్రల్ తీగలు కలిసిపోయాయనో చెబుతోంది. కారణం వెతికించండి. చెప్పే నోరు నొక్కేస్తే ఎలా?

మెయిన్ ఆపితే చాలా?

'మెయిన్ ఆపేశాం కదా, ఇంకేం భయం' అనుకుంటాం. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మెయిన్ ఆపిన క్షణంలో ఏమవుతుందో తెలుసు కదా? కరెంటు పోయిందనుకుని అది లైట్లకీ ఫ్యాన్లకీ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది! నిచ్చెన మీదున్న మనిషి చేతిలో ఉన్నది సరిగ్గా ఆ తీగే. కాబట్టి మెయిన్‌తో పాటు ఇన్వర్టరు నుంచి వచ్చే లైను కూడా ఆపాలి. ఆపాక టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో ముందుగా కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. టెస్టరే పాడైతే కరెంటున్నా వెలగదు మరి!

ఇంకో చిక్కు కూడా ఉంది. స్విచ్చి ఎప్పుడూ ఫేజు తీగనే తెంపాలి. పాత ఇళ్ళలో పదిమంది చేతులు పడి ఉంటాయి కాబట్టి ఒక్కోచోట స్విచ్చి న్యూట్రల్ మీద ఉంటుంది. స్విచ్చి ఆపితే లైటు ఆరుతుంది కానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. ఎల్.ఇ.డి. బల్బు పెట్టాక స్విచ్చి ఆపినా మిణుకుమిణుకుమంటోందా? స్విచ్చిలో చిన్న ఎర్రదీపం ఉన్నా, తీగలు పక్కపక్కనే చాలా దూరం నడిచినా అలా జరగొచ్చు. కానీ న్యూట్రల్ మీద స్విచ్చి ఉన్నా జరుగుతుంది. ఒకసారి చూపించుకోవడం మంచిది. మన దేశంలో న్యూట్రల్‌కి నలుపు, ఎర్త్‌కి ఆకుపచ్చ, ఫేజుకి ఎరుపు, పసుపు, నీలం రంగులు వాడతారు. పాత ఇళ్ళలో మాత్రం రంగుని నమ్మొద్దు. టెస్టరుతో చూశాకే ఏది ఏదో తేల్చాలి.

ట్యూబు పట్టీలో తిరకాసు

పాత ట్యూబు తీసి అదే పట్టీలో ఎల్.ఇ.డి. ట్యూబు పెట్టుకోవచ్చని చాలామందికి తెలుసు. పాత పట్టీలో చోక్, స్టార్టరు ఉంటాయని మాత్రం మర్చిపోతారు. కొన్ని ఎల్.ఇ.డి. ట్యూబులకి చోక్ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వాలి. కొన్నిటికి ఒక చివరే కరెంటు ఇస్తే, కొన్నిటికి రెండు చివర్లా ఇవ్వాలి. పెట్టె మీద బొమ్మ ఉంటుంది. పెట్టె పారేయకుండా ఎలక్ట్రీషియన్‌కి ఆ బొమ్మ చూపించండి. పట్టీ తుప్పు పట్టి, చివరి క్లిప్పులు వదులైతే ఆ గొడవంతా ఎందుకు? పట్టీతో సహా వచ్చే ఎల్.ఇ.డి. లైటే కొనుక్కోవడం మేలు.

ఖర్చు లెక్క చూద్దాం. 40 వాట్ల పాత ట్యూబు, దాని రాగి చోక్ కలిపి సుమారు 55 వాట్లు లాగుతాయి. రోజుకి ఆరు గంటలు వేస్తే నెలకి దాదాపు 10 యూనిట్లు. 20 వాట్ల ఎల్.ఇ.డి. అయితే 3.6 యూనిట్లు. ఇంట్లో అలాంటివి నాలుగుంటే నెలకి 25 యూనిట్ల దాకా మిగులుతాయి. ఆర్.సి.సి.బి. కొనే డబ్బులు అలా మెల్లగా తిరిగొచ్చేస్తాయన్నమాట!

పాత ట్యూబుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది. ఆ కారణంగానే ఫ్లోరోసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి దిగుమతులు 2027 నాటికి దశలవారీగా ఆపాలని మినమాటా ఒప్పందంలో ఉన్న దేశాలు 2023లో జెనీవాలో నిర్ణయించుకున్నాయి. తీసిన ట్యూబుని పగలగొట్టి చెత్తలో వెయ్యకండి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. పొరపాటున పగిలితే పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, కాసేపాగి అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో తుడవండి. చీపురుతో ఊడ్చొద్దు.

పెట్టె మీద చదవండి

బ్లూ ఎల్.ఇ.డి. కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలి వెలుగు లేకపోతే ఇవాళ మన ఇంట్లో తెల్లటి ఎల్.ఇ.డి. లేదు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో ఆ బల్బు సామాన్యుడి ఇంటికీ చేరింది. ఇప్పుడు కొట్లో అన్ని ధరల్లోనూ దొరుకుతోంది. కానీ ఏది మంచిది?

వాట్లు చూడటం మనకి అలవాటు. వాట్లు చెప్పేది కరెంటు ఎంత తాగుతుందని. వెలుగు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. పాత 60 వాట్ల బల్బు దాదాపు 700 ల్యూమెన్లు ఇచ్చేది. 9 వాట్ల మంచి ఎల్.ఇ.డి. 900 దాకా ఇస్తుంది. ఇక రంగు. 2700, 3000 కెల్విన్లు అంటే పాత బల్బులాంటి పసుపు వెలుగు, పడకగదికి హాయి. 4000 అంటే మధ్యరకం, వంటింటికి బాగుంటుంది. 6500 అంటే తెల్లటి వెలుగు. ఒకే గదిలో మూడు రకాలూ కలిపితే కళ్ళకి ఇబ్బంది.

పెట్టె మీద బి.ఐ.ఎస్. గుర్తు, దాంతోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నెంబరు ఉన్నాయో లేదో చూడండి. బాత్‌రూమ్‌లో పెట్టేదైతే ఐ.పి. 44కి తగ్గకుండా, వాన తగిలే చోటికి ఐ.పి. 65 ఉండేలా చూసుకోండి. పెద్ద వేలాడే దీపం కొంటే దాని బరువు అడగండి. ఆ బరువు శ్లాబులోని కొక్కెం మొయ్యాలి గానీ తీగ కాదు.

బల్బు మార్చడం, స్టార్టరు మార్చడం మనకి వచ్చు. స్విచ్చి ఆపి, పొడి చేతులతో, కదలని చెక్క నిచ్చెన మీద నిలబడి చేసుకోవచ్చు. గుండ్రటి బిళ్ళ విప్పడం, తీగలు కలపడం మాత్రం వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషికే వదలండి. పర్మిట్ ఉందా అని అడిగితే అతనేమీ చిన్నబుచ్చుకోడు.

ఇక పని జరిగే రోజు మనం వంటింట్లోనే ఉండిపోనక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. తీగ రాగిదా, అల్యూమినియందా? ఈ లైటుకి ఎర్త్ కలిపారా? స్విచ్చి ఫేజు మీదే ఉందా? ఇన్వర్టరు ఆపారా? మొదటిసారి అడిగినప్పుడు ఇంట్లోవాళ్ళు కాస్త నవ్వొచ్చు. నవ్వనివ్వండి. జవాబు వచ్చేదాకా కాఫీ మాత్రం ఇవ్వకండి!